మామ చెవులు, నా చదువు, ఒక పొడుగు వైరు

మా ఆయనకు ఒక అలవాటుంది. తనకు ఏదైనా వస్తువు మీద మనసు పడితే, అది నాకెంత అవసరమో నాకు చెప్పడం మొదలుపెడతాడు. పెళ్లయిన కొత్తలో అవన్నీ నమ్మి మురిసిపోయేదాన్ని. బండి కొన్నప్పుడు నమ్మాను, పెద్ద టీవీ కొన్నప్పుడూ నమ్మాను. హెడ్‌ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి నాకు కాస్త తెలివి వచ్చింది.

"గిది నీ సదువు కోసమేనే," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ, ఫోన్ నా ముఖం ముందు పెట్టి. అందులో నల్లటి హెడ్‌ఫోన్ ఒకటి, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తీసిన ఫొటోలతో, సంబంధానికి పంపిన పెళ్లిపిల్లలా ఉంది. "గిది వెట్టుకుంటె బయటి సప్పుడు ఒక్కటి ఇనవడది. పక్కన డీజే వెట్టినా నీకు తెల్వది."

"ధరెంత?"

"ముందుగాల రివ్యూ సూడు."

ధర అడిగితే రివ్యూ చూపించాడంటే ఇక ఆ ధర మన ఇంటిది కాదని అర్థం.

మా ఆయన సిద్దిపేటలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. పొద్దున్నుంచీ బ్యాండు మేళాలు, మంత్రాలు, అప్పగింతల ఏడుపులు చెవుల్లో పోసుకొని కూర్చునే పని. మంచి హెడ్‌ఫోన్ అతని చాలాకాలపు కల. సౌండ్ స్టేజ్ అంటాడు, నాయిస్ క్యాన్సిలేషన్ అంటాడు, ఆ మాటలు పలికేటప్పుడు అతని ముఖం దేవుడి ముందు నిలబడ్డవాడిలా అవుతుంది. అదంతా నాకు తెలుసు. కానీ చదువుకోవడానికి నాకు నిశ్శబ్దం కావాలన్న మాట కూడా అబద్ధం కాదు. అందుకే గట్టిగా కాదనలేకపోయాను.

నేను ప్రభుత్వ టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుతున్నాను. అంతకుముందు రాశాను, కొద్దిలో పోయింది. మళ్లీ రాశాను, మళ్లీ కొద్దిలోనే పోయింది. కొద్దిలో పోవడం కన్నా మొత్తంగా పోతే మనిషికి కొంత మనశ్శాంతి ఉంటుంది. ఈసారి చేస్తున్న ప్రైవేటు బడి ఉద్యోగం కూడా మానేసి కూర్చున్నాను. ఇదే చివరిసారి అని ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. రాకపోతే పుస్తకాలు అటక మీద పడేసి, మళ్లీ ఆ బడికే పోయి, ఇక ఈ ఊసే ఎత్తకూడదని. కోచింగ్‌కు హైదరాబాద్ పోయే వీలు లేదు కాబట్టి పాఠాలన్నీ ఫోన్లోనే వినాలి. వినాలంటే ఇంట్లో వినిపించాలి కదా. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో టీవీ, మా మామ. వెనక గదిలో వంట, నేను. మధ్యలో తలుపు లేదు, ఒక కర్టెన్ ఉంది.

మామది దుబ్బాక. చేనేత ఇల్లు. మీసాలు రాకముందే మహారాష్ట్రలోని భివండి పోయి సాంచెల మీద పని నేర్చుకున్నారు. సాంచెలంటే మరమగ్గాలు. షెడ్డు నిండా అవి ఒక్కసారిగా నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదట. జీవితంలో ఎక్కువ భాగం ఆ మోతలోనే గడిపి, అత్తమ్మ పోయాక మా దగ్గరికి వచ్చారు. ఒక ట్రంకు పెట్టె, రెండు సంచులు తెచ్చుకున్నారు. వినికిడి మాత్రం అక్కడే ఉండిపోయింది.

దవాఖానలో చూపించాం. చెవికి మిషన్ ఇచ్చారు. మామ దాన్ని ఒక పూట పెట్టుకొని తీసేశారు. "గిన్నెల సప్పుడు, బండ్ల సప్పుడు, అన్ని ఒక్కతీర్గ మీదవడుతున్నయిరా. మళ్ల షెడ్డుల గూసున్నట్టే ఉన్నది," అన్నారు మా ఆయనతో. షెడ్డు నుంచి బయటపడ్డ మనిషిని మళ్లీ తీసుకుపోయి అందులో కూర్చోబెట్టడానికి మాకు నోరు రాలేదు. మిషన్ డబ్బాలోకి, డబ్బా ట్రంకు పెట్టెలోకి పోయాయి. టీవీ సౌండు మాత్రం ఎంత దాకా పోతుందో అంత దాకా పోయింది. మా ఇంటి వార్తలు వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపించేవి.

కాస్త తగ్గించండి మామా అని ఒక్క మాట అనొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది తంటా. మా అత్తగారింట్లో కోడలు మామకు ఎదురుగా నిలబడి మాట్లాడదు. మామ కూడా కోడలితో నేరుగా మాట్లాడరు. మా పుట్టింట్లో ఇవేవీ లేవు, మా వదిన మా బాపుతో వాదం కూడా పెట్టుకునేది. ఇక్కడికి వచ్చాక నాకు ఈ పద్ధతి మొదట్లో నవ్వు తెప్పించింది, తర్వాత అలవాటైపోయింది. మామకు ఛాయ్ కావాలంటే గోడతో చెప్పేవారు. "ఇయ్యాల ఛాయ్ అయితదో లేదో," అనేవారు గోడను చూస్తూ. నేను ఛాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టి, ముఖం పక్కకు తిప్పుకొని, కిటికీకి జవాబు చెప్పేదాన్ని. "సక్కెర తక్కువేసిన." వినపడని మనిషికి కిటికీ వైపు తిరిగి చెప్తే ఏం అందుతుందన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. గౌరవం ఇస్తున్నాననే అనుకున్నాను.

మా ఆయన ఒకసారి చెప్పి చూశాడు. "బాపూ, సదువుకుంటున్నది, జర తగ్గియ్యి," అని చెవి దగ్గర అరిచాడు. మామ రిమోట్ తీసుకొని సౌండు మొత్తం తీసేశారు. మర్నాడు పొద్దున నేను లోపల హాయిగా పాఠం పెట్టుకున్నాను. కాసేపటికి కర్టెన్ పక్కనుంచి చూస్తే, మామ చేతులు ఒళ్లో పెట్టుకొని, కదిలే బొమ్మల వైపు చూస్తూ కూర్చున్నారు. టీవీలో ఎవరో నవ్వారు. మామ కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా. పోయి రిమోట్ తీసుకొని నేనే సౌండు పెంచి వచ్చాను. ఆ తర్వాత వంటగదిలో నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. పరీక్ష నాది, పెంచిందీ నేనే.

అందువల్ల ఆ నల్ల హెడ్‌ఫోన్ మాట మళ్లీ వచ్చినప్పుడు నేను కొంచెం మెత్తబడ్డాను. పెట్టుకొని చూడకుండా కొనేది లేదని మాత్రం పట్టుబట్టాను. ఒక ఆదివారం మామకు అన్నం, పప్పు వండిపెట్టి హైదరాబాద్ బస్సెక్కాం. ఆ షోరూమ్ చెప్పులు బయట విడవాలేమో అనిపించేంత శుభ్రంగా ఉంది. అసలు వస్తువు ఒక అద్దాల పెట్టెలో ఉంది. పక్కన ధర చీటీ చదివి, ఒక్కసారి ఊపిరి తీసుకొని, దాన్ని బోర్లా పెట్టాను.

సేల్స్ అబ్బాయి దాన్ని నా తలకు పెట్టి ఒక బటన్ నొక్కాడు. ఏసీ మోత పోయింది. బయటి రోడ్డు పోయింది. మా ఆయన గొంతు పోయింది. నా ఫోన్‌లోని పాఠం పెట్టమన్నాను. ఎప్పుడూ టీవీ యాంకర్ల గొడవ నడుమ చెప్పే మా సారు, ఆ రోజు ఒక్కరే వచ్చి నా పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించింది. ఆయన పేజీ తిప్పిన చప్పుడు కూడా విన్నాను. నిజం చెప్తున్నాను, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది నాకు కావాలి, మెడలో గొలుసు పోయినా సరే కావాలి అనుకున్నాను.

అప్పుడు తలెత్తి చూశాను. సేల్స్ అబ్బాయి నోరు కదులుతోంది. మా ఆయన నోరు కదులుతోంది. ఇద్దరూ నన్ను చూసి నవ్వుతున్నారు, ఎందుకో తెలియదు. మర్యాదకు నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

నవ్వగానే నాకు మామ గుర్తొచ్చారు. హెడ్‌ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టేశాను. కొనకుండానే బయటికి వచ్చేశాం.

తిరుగు బస్సులో మా ఆయన ప్రజ్ఞాపూర్ దాకా నాతో మాట్లాడలేదు. అక్కడ బస్సు ఆగితే దిగి, వేడి మిర్చి బజ్జీల పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అలక తీరిందని అలా చెప్తాడు.

"మంచిగ లేకుండెనా?"

"మస్తుగున్నది."

"మరేంది?"

"సప్పుడు టీవీలున్నది. దాన్ని నా చెవులకాడ ఆపుడేంది? ముందుగాల మామ చెవులకు వెడుదాం. దాంట్ల టీవీ మాటనే ఇనవడతది, మిషన్ల లెక్క గిన్నెల సప్పుడు రాదు. ఆయన ఇంటడు, ఇల్లు సల్లవడతది."

మా ఆయన బజ్జీ నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "బాపుకు గంత పెద్దదా?" అన్నాడు భయంగా. నాకు నవ్వొచ్చింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. బస్సు సిద్దిపేట దగ్గరికి వచ్చాక అన్నాడు, "బాపుకు గా నల్లది పనికిరాదు. దాంట్ల బేస్ ఎక్కువ, మాటను మింగుతది. బాపుకు మాట గావాలె. సన్న సప్పుడు పోయింది ఆయనకు." రివ్యూలలోని మాటలు లేకుండా మా ఆయన హెడ్‌ఫోన్ల గురించి మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

మరుసటి రోజు మన బజారులోనే దొరికే మామూలు వైరు హెడ్‌ఫోన్ ఒకటి తెచ్చాడు. మెత్తలు దళసరిగా ఉన్నాయని దాన్ని ఎంచాడట. స్టూడియోలో మూలకు పడి ఉన్న చిన్న యాంప్లిఫైయర్ పెట్టెను యజమానిని అడిగి పట్టుకొచ్చాడు. టీవీ నుంచి మామ కుర్చీ దాకా పొడుగు వైరు వేశాడు. నాకు ఒక చవక ఇయర్‌ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు, నా చదువు కోసమన్న మాట ఇదిగో తీర్చానన్నట్టుగా. ఆ తర్వాత మామ ముందు నేల మీద కూర్చొని, ఆ పెట్టె మీది నాబులు తిప్పుతూ సాయంత్రమంతా గడిపాడు. బేస్ తగ్గించాడు, సన్న చప్పుడు తెచ్చే ట్రెబుల్ పెంచాడు, మళ్లీ కొంచెం తగ్గించాడు. ఎవరి పెళ్లి వీడియోకూ అంత ఓపిక పెట్టి ఉండడు.

మామ తలవంచుకొని వింటున్నారు. ఉన్నట్టుండి తలెత్తారు. టీవీలో రోజూ చూసే వార్తల అమ్మాయి చదువుతోంది.

"గీ పిల్ల గొంతు గింత సన్నగుంటదారా?" అన్నారు.

మా ఆయన లేచి వంటగదిలోకి వచ్చి, నీళ్లు తాగి, ముఖం కడుక్కొని పోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పడ్డ నిశ్శబ్దం నాకు కొత్త. ఫ్యాను కూడా చప్పుడు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. వైరు కాళ్లకు తగులుతోందని మామ దాన్ని గోడ వెంట మేకులు కొట్టి, ఎక్కడా వదులు లేకుండా బిగించేశారు. నేల మీద వైరు లేదు, గాలిలో మోత లేదు. వెనక గదిలో ఉక్కపోత భరించలేక నేను పుస్తకాలు తీసుకొని ముందు గదిలో ఫ్యాను కిందికి, కిటికీ పక్కకు మారాను. మామ ఒక గోడకు, నేను ఎదుటి గోడకు. ఆయన చెవుల్లో వార్తలు, నా చెవుల్లో పాఠాలు. పద్ధతికి కూడా భంగం లేదు, ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు.

ఒకరోజు పాఠం మధ్యలో తలెత్తితే మామ నా వైపు చూసి, పిడికిలి ముడిచి బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుంటున్నారు. ఛాయ్ అని అర్థమైంది. గోడ లేకుండా ఛాయ్ అడగడం అదే మొదటిసారి. తెచ్చి ఇచ్చాను. ఇంకోరోజు అరచేతిని పొట్ట మీద తట్టి, నా వైపు వేలు చూపించారు. నువ్వు తిన్నావా అని. ఆ సాయంత్రం బండి చప్పుడు నాకు వినిపించకముందే ఆయన కిటికీలోంచి చూసి, లేని మీసం రెండువైపులా మెలితిప్పి చూపించారు. ఏమిటో తెలియక చూస్తుండగానే మా ఆయన లోపలికి వచ్చాడు. మీసం మెలితిప్పితే ఏందని అతన్నే అడిగాను. పడీ పడీ నవ్వాడు. "షెడ్డుల సేటు వస్తుండని సెప్పుడు గట్లనే. అందరు పనిల పడున్రి అని."

అదంతా సాంచెల దగ్గరి భాషట. ఆ మోతలో గొంతుతో పని లేదు. చేతులతో సైగలు, పెదవుల కదలిక, అంతే. ఒక సాంచె దగ్గర నిలబడి నాలుగు సాంచెల అవతలి మనిషితో పెళ్లి సంబంధాలు కూడా మాట్లాడుకునేవారట. చెవులు మూసుకొని ఎదురెదురుగా ఎవరి పనిలో వాళ్లం కూర్చుంటే మామకు ఆ షెడ్డు గుర్తొచ్చి ఉంటుంది. ఈసారి మోత లేని షెడ్డు. పైగా కోడలితో నోటితో మాట్లాడకూడదని ఉంది కానీ, చేతులతో మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు కదా.

నాకు గొంతు ఎత్తి చదివే అలవాటు లేదు. పెదవులు కదుపుతూ, పైకి వినపడకుండా వల్లె వేస్తాను. పిల్లల ఎదుగుదల దశలని ఒక పాఠం ఉంది. ఒకదాని తర్వాత ఒకటి వరుసగా చెప్పాలి. అది నాకు ఎప్పుడూ కొరుకుడు పడలేదు, పోయిన రెండుసార్లూ నన్ను ముంచింది అదే. దాన్ని రోజూ పొద్దున కిటికీ పక్కన కూర్చొని, ఎదుటి గోడ వైపు చూస్తూ చెప్పుకునేదాన్ని. ఎదుటి గోడకు మామ ఉన్నారన్న ధ్యాస నాకు లేదు.

ఒక పొద్దున అలాగే చెప్పుకుంటూ పోతున్నాను. మామ చెయ్యెత్తారు. రెండు చేతుల వేళ్లు దగ్గరగా పెట్టి, చటుక్కున విడదీసి చూపించారు. నాకు అర్థం కాలేదు. మళ్లీ చూపించి, నా పెదవుల వైపు వేలు చూపించి, చెయ్యి వెనక్కి ఊపారు. వెనక్కి పొమ్మని. పుస్తకం తెరిచి చూస్తే నడుమ దశ ఒకటి వదిలేసి ముందుకు పోయాను.

సాయంత్రం మా ఆయనను అడిగితే చెప్పాడు. పోగు తెగింది అని చెప్పడానికి ఆ సైగ చేస్తారట. ఎవరి సాంచె మీద పోగు తెగినా, చూసినవాళ్లు దూరం నుంచి అలా చూపిస్తారు. మామకు దశలు తెలియవు, పాఠం తెలియదు. రోజూ నా పెదవులు ఒకే దారిలో పోతుంటే చూశారు. ఆ రోజు దారిలో కొంత తగ్గింది. తెగిందని చెప్పారు, అంతే.

పెదవులు చూసి అర్థం చేసుకోగల మనిషి ఇంట్లో ఉంటే, ఇన్నాళ్లూ నేను కిటికీ వైపు తిరిగి మాట్లాడాను. టీవీలో ముఖాలు నిలకడగా ఉండవు, బొమ్మ మారిపోతుంది, అందుకే దానికి సౌండు కావాల్సి వచ్చింది. ఇంట్లో మనుషులైనా నిలకడగా చూడొచ్చు కదా ఆయన వైపు. నాకు ఏడుపు, సంతోషం ఒక్కసారే వచ్చాయి.

మర్నాటి నుంచి కుర్చీ దగ్గరికి జరుపుకొని ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. గొంతు లేకుండా పాఠం అప్పజెప్పేదాన్ని. మామ హెడ్‌ఫోన్ మెడలోకి దించుకొని, కళ్లు చిన్నవి చేసి చూసేవారు. తడబడితే పోగు తెగేది. తెగిన చోటికి వెనక్కి పోయి మళ్లీ అందుకునేదాన్ని. బాగా చెప్పిన రోజు అరచేయి చాపి, నున్నగా ముందుకు జరిపేవారు. బట్ట మంచిగ నడుస్తోందని. మా ఆయన ఒకరోజు తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరినీ చూసి, "గీ ఇంట్ల నాకొక్కనికే సప్పుడుతోని పనున్నట్టున్నది," అని గొణిగాడు. ఆ నల్ల హెడ్‌ఫోన్ ఫొటోలు ఇంకా అతని ఫోన్లో ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాడు. చూసుకోనీ, నాకు ఉద్యోగమొస్తే అది అతని తలకే పెడతానని అప్పుడే మనసులో అనుకున్నాను.

పరీక్ష రాసి వచ్చాను. ఆ దశల ప్రశ్న వచ్చింది. రాస్తుంటే నా పెదవులు కదిలాయి, ఎక్కడా పోగు తెగలేదు. అయినా ఫలితం వచ్చే దాకా ఎవరికీ ధీమాగా ఏమీ చెప్పలేదు. కొద్దిలో పోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

ఫలితం వచ్చిన రోజు మా ఆయన స్టూడియోలో ఉన్నాడు. వంటగదిలో నిలబడి ఫోన్లో నా నంబరు కొట్టాను. పేజీ తెరుచుకునే లోపల పొయ్యి మీద పాలు పొంగాయి, పొంగనిచ్చాను. చూశాను. మళ్లీ చూశాను. పొయ్యి కట్టేసి ముందు గదిలోకి నడిచాను. మామ వార్తలు వింటున్నారు. టీవీకి అడ్డంగా పోయి, ఆయనకు ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదవులతోనే చెప్పాను. వచ్చింది మామా.

ఆయన చూశారు. అర్థమైందని నాకు తెలిసింది. హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఏదో సైగ చేస్తారనుకున్నాను. చేయలేదు. నన్ను చూస్తూ నోరు తెరిచి అన్నారు.

"గట్టిగ చెప్పు బిడ్డా. గీ ముచ్చట నా చెవులతోటి ఇనాలె."

నేను ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చొని, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "నౌకరి ఒచ్చింది మామా! నాకు నౌకరి ఒచ్చింది!" ఆ అరుపు వీధి చివర ఇస్త్రీ బండి దాకా పోయే ఉంటుంది.

"ఇనవడ్డది బిడ్డా," అన్నారు మామ, నా ముఖంలోకి చూసి.